మూడో వాక్యం

పది నిమిషాల్లో పిలుస్తారు, కూర్చోండి మేడమ్ అని చెప్పి హెడ్ కానిస్టేబుల్ లోపలికి వెళ్లి అప్పుడే ఇరవై నిమిషాలైంది. ఆమె చేతిసంచి జిప్పు లాగుతోంది, మూస్తోంది, మళ్లీ లాగుతోంది. సంచిలో కళ్లజోడు, గుర్తింపు కార్డు తప్ప ఏమీ లేవు, వాటిని చూడాల్సిన పనీ లేదు, అయినా చెయ్యి ఊరుకోవడం లేదు. నాలుగు వాక్యాల కాగితం అంతే, మీరు ఫోన్లో చెప్పిందే టైపు చేయించాం, వచ్చి సంతకం పెడితే ఐదు నిమిషాల పని అన్నాడు ఇన్‌స్పెక్టర్ నిన్న, చదివి వినిపించాడు కూడా. బస్ స్టేషన్ విచారణ కిటికీలో పనిచేసే నేను ఫలానా తేదీన ఒక వ్యక్తిని గమనించాను, అది మొదటిది. అతను గేటు నుంచి ప్లాట్‌ఫారాల దాకా మూడుసార్లు నడిచి పుస్తకంలో ఏవో రాసుకున్నాడు, అది రెండోది. ప్రశ్నించగా పారిపోవడానికి ప్రయత్నించాడు, ఇది మూడోది. నాలుగోది ఏమిటో ఆమెకు గుర్తు లేదు. మూడోదాని దగ్గరే చెవి ఆగిపోయింది, నిన్న సాయంత్రం నుంచి అక్కడే ఆగి ఉంది.

పారిపోవడమనే మాట తను అందా? పందొమ్మిది రోజుల క్రితం హెల్ప్‌లైనుకి ఫోన్ చేసినప్పుడు అవతల ఒక ఆడగొంతు, తనలాగే రోజంతా జనానికి జవాబులు చెప్పి అలిసిపోయిన గొంతు. ఎవరో ఒకాయన కొలతలు తీసుకుంటున్నట్టు తిరుగుతున్నాడమ్మా అని చెప్పింది తను. ఇప్పుడక్కడే ఉన్నాడా అని అడిగింది ఆ గొంతు. లేడు, గబగబా వెళ్లిపోయాడు. పారిపోయాడా? దానికి తను "ఆ" అంది. అంతే. ఫోన్లో వింటున్నానని తెలియడానికి అంటాం కదా, అవుననీ కాదు, కాదనీ కాదు, అలాంటి ఆ. కాదు, ఇప్పుడు కూడా అబద్ధమే. అది అవుననే ఆ. పారిపోయాడని ఎవరో అనగానే, అలా అయితే బాగుంటుందని లోపల ఎక్కడో అనిపించింది. పారిపోతే తను ఫోన్ చేసింది సబబవుతుంది. ఆ ఒక్క అక్షరం వాళ్ల చేతుల్లో పడి వాక్యమైంది, కర్త, కర్మ, క్రియ అన్నీ తగిలించుకుని ఇప్పుడు లోపల బల్ల మీద తన సంతకం కోసం ఎదురుచూస్తోంది.

బెంచీకి ఎదురుగా గోడ మీద రంగు పెచ్చులూడింది. ఊడినచోట తెల్లగా ఉంది. ఆ రోజు తన కిటికీ అద్దం కూడా ఇలాగే తెల్లబడింది. స్టేషన్లో బాంబు పేలి పది నెలలైంది, శబ్దం ఎలా ఉందని ఎవరడిగినా ఆమె చెప్పలేదు, శబ్దం ఆమెకు గుర్తే లేదు. అద్దమంతా ఒక్కసారి పాలు పోసినట్టు తెల్లబడడం గుర్తుంది. ఆ తర్వాత వేళల పట్టిక కాగితాలు గాల్లో, తొందరేమీ లేనట్టు, ఒక్కొక్కటే దిగడం గుర్తుంది. పదకొండు మంది పోయారు. అందులో స్టేషను ఊడ్చే పెద్దమ్మ ఉంది. కిటికీ కిందికి చీపురు దూర్చి, కాళ్లెత్తు తల్లీ, నీ కాళ్ల కింద దేశం చెత్త ఉంది అనేది రోజూ. తర్వాత గోడకు రాతిపలక పెట్టి పదకొండు పేర్లు చెక్కించినప్పుడు, అందులో పెద్దమ్మ ఎవరో ఆమెకు తెలియలేదు. పన్నెండేళ్లు పక్కపక్కన పనిచేసి పేరడగలేదు. ఆడపేర్లు నాలుగున్నాయి, నాలుగింటికీ దండం పెట్టి వచ్చేసింది. తన భర్త ఆ రోజు, తను ఇంట్లో మర్చిపోయిన కళ్లజోడు ఇచ్చిపోదామని వచ్చాడు. దర్జీ మనిషి, కొట్టు తెరవబోయే ముందు ఇటు తిరిగాడు. కళ్లజోడు చెక్కు చెదరలేదు. ఎడమ చెవి మాత్రం పోయింది.

పేలిన ఆ సంచి గురించి ఆమె నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. బూడిదరంగు సంచి, ఐదో ప్లాట్‌ఫారం బెంచీ కింద, పట్టీ ఒకటి బయటికి వేలాడుతూ. కిటికీలోంచి చూసింది. చూసి, ఎవరో బాత్రూముకి వెళ్లుంటారనుకుంది. అనుకుని, ఎదురుగా నిలబడ్డ మనిషికి తొమ్మిదీ యాభై బస్సు ఎక్కడాగుతుందో చెప్పింది. మైకు చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆ సంచి ఎవరిదండీ అని ఒక్క మాట. అనలేదు. తర్వాత దర్యాప్తుకు వచ్చిన పోలీసులు ఏమైనా చూశారా అంటే, జనం చాలామంది ఉన్నారండీ, ఏమీ చూడలేదు అంది.

ఆ తర్వాత స్టేషను మారిపోయింది. గేట్ల దగ్గర లోహం తగిలితే కూతపెట్టే తలుపులు వచ్చాయి, కెమెరాలు వచ్చాయి, ఇసుక బస్తాల వెనక తుపాకీ పట్టుకుని నిలబడే కుర్రవాళ్లొచ్చారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయట అన్నాడు ఆమె భర్త, నవ్వించాలనే అన్నాడు. ఆమెకు నవ్వు రాలేదు. మొరగనీ, ఇప్పుడైనా మొరగనీ. బాంబు పెట్టినవాళ్లలో నలుగురు దొరికారు, ఇద్దరు దొరకలేదని పేపర్లో వచ్చింది, ఆ ఇద్దరూ ఎక్కడో కాఫీ తాగుతూనో, బస్సుకోసం చూస్తూనో ఉంటారు కదా, ఎవరో ఒకరి విచారణ కిటికీ ముందు నిలబడి వేళలు అడుగుతూ ఉంటారు కదా. పావుగంటకోసారి మైకులో చెప్పడం ఆమె పనిలో చేరింది. మీ పక్కన ఎవరిదో తెలియని వస్తువు ఉంటే ముట్టుకోకండి, వెంటనే తెలియజేయండి, మీ భద్రత మీ చేతుల్లో. చెప్పిన ప్రతిసారీ ఆ గొంతు స్టేషనంతా తిరిగి తన దగ్గరకే వచ్చేది, చూడు, ఇప్పుడు చెప్తోంది అన్నట్టు. జనం ముఖాలు చూడడం మానేసింది. చేతులు చూసేది. చేతుల్లో ఏముందో, జేబుల్లో ఏముందో. పాము కరిచినవాడికి ఇంట్లో తాడు మిగలదు, అన్నీ పాములే. ఇంటికి వెళ్తే అపార్టుమెంటు మెట్ల కింద ఎవరి బూట్లున్నాయో చూసుకుని గానీ పైకెక్కేది కాదు. ఒకరోజు భర్త కత్తెర్ల సంచి గుమ్మంలో పెట్టి స్నానానికి వెళ్తే, అది ఆయనదేనని తెలిసి కూడా, దాని ముందు కదలకుండా నిలబడిపోయింది, ఆయన తల తుడుచుకుంటూ వచ్చేదాకా.

అలాంటి రోజుల్లో ఆ మనిషి కనిపించాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో చిన్న పుస్తకం. గేటు దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని నడిచాడు. అదే ఆమెను పట్టుకుంది. బస్ స్టేషన్లో కళ్లు మూసుకుని ఎవరు నడుస్తారు? స్తంభం దగ్గర ఆగాడు, కళ్లు తెరిచాడు, రాసుకున్నాడు, కుడికి తిరిగాడు, మళ్లీ మూశాడు. పెదాలు కదులుతున్నాయి. ఏదో చేసే ముందు దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకుంది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. మూడోసారి తన కిటికీ వైపు వచ్చాడు, నలుగురి వెనక నిలబడి ఆమెనే చూశాడు, గడియారం చూసుకున్నాడు, వెళ్లిపోయాడు. ఆమె ఈసారి ఊరుకోను అనుకుంది. ఈసారి ఊరుకోలేదు. పోలీసులు కెమెరాల్లో వెతికి, అతనెక్కిన బస్సు పట్టుకుని, సాయంత్రానికి మనిషిని పట్టుకొచ్చారు. పుస్తకంలో అంకెలు, బాణాలు, స్తంభాల బొమ్మలు, కిటికీ ఉన్నచోట ఒక చుక్క. మర్నాడు డిపో మేనేజరు అందరినీ పిలిచి, నీలాంటివాళ్లు పదిమంది ఉంటే దేశానికి ఢోకా లేదమ్మా అన్నాడు. నోటీసు బోర్డులో ఆమె ఫోటో పెట్టారు. ఆ వారం ఆమె అన్నం సరిగ్గా తింది. అది ఒప్పుకోవాలి. పది నెలల్లో మొదటిసారి కడుపునిండా తింది.

నిన్న ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేశాక, భర్త మిషను ఆపి కుడి చెవి ఇటు తిప్పాడు. "ఏమంటున్నాడు?"

"సంతకం పెట్టమంటున్నాడు. పారిపోబోయాడని రాశారంట."

"పారిపోబోయాడా?"

అప్పుడు ఎందుకో, పది నెలలు దాచిన సంచి నోట్లోంచి ఊడిపడింది. ఐదో ప్లాట్‌ఫారం, బెంచీ కింద, చూశానండీ, చూసి ఊరుకున్నాను, మీ చెవి, పెద్దమ్మ, అంతా. ఆయన విన్నాడు. కోపం వస్తుందనుకుంది, రాలేదు, వచ్చినా బాగుండేది. చేతిలో ఉన్న గుడ్డ మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

"అక్కడ చెప్పాల్సింది చెప్పలేదు. ఇక్కడ చూడంది చెప్పావు," అన్నాడు. "రెండూ చెల్లుకు చెల్లు అవుతాయనుకుంటున్నావేమో, అవ్వవు. ఇవి రెండు తప్పులే."

"అతను నిజంగానే అలాంటివాడైతే?"

"అయితే వాళ్లే కనుక్కుంటారు. నువ్వు చూసింది నువ్వు చెప్పు. పరిగెత్తాడా లేదా, అంతే కదా." మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. చెవి పోయిన మనిషికి ఇంత నెమ్మది ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఒంటిమీద ఒక్క గీత కూడా పడని తనకు ఇంత కసి ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

వరండా చివర అడుగుల చప్పుడు. ఒక పెద్దావిడ, ఆమె మోచెయ్యి పట్టుకుని ఇరవై ఏళ్ల పిల్ల, చేతిలో మడిచిన తెల్లకర్ర. పెద్దావిడ పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి, నీ కార్డు జిరాక్సు కావాలంటున్నారు, కింద తీయించుకొస్తాను, కదలకు అని వెళ్లింది. పిల్ల కర్రను ఒళ్లో సర్దుకుంది. పక్కకు ముఖం తిప్పి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అండీ?" అంది.

"ఉన్నానమ్మా, ఏం కావాలి?" కిటికీలో కూర్చున్నప్పటి మాట, అలవాటుగా వచ్చేసింది.

పిల్ల ముఖం విచ్చుకుంది. "మీరు బస్ స్టేషన్ మేడమ్ కదా? మైకులో చెప్పేది మీరే కదా?"

ఆమె అవునంది. ఎందుకు అవునందో, ఎందుకు లేచి వెళ్లిపోలేదో.

"మా నాన్న కోసం వచ్చామండీ. పందొమ్మిది రోజులైంది." పిల్ల గొంతులో ఏడుపు లేదు, ఎక్కడో ఏడ్చేసి వచ్చిన పొడితనం ఉంది. "నాకు ఉద్యోగం వచ్చిందండీ, ఆఫీసులో ఫోన్లు ఎత్తే పని. బస్సులో ఒక్కదాన్నే వెళ్తానన్నాను. మా మేనత్త ససేమిరా అంది. నాన్న సరే అన్నారు, కాకపోతే ముందు తను కళ్లు మూసుకుని దారంతా నడిచి చూస్తానన్నారు. గేటు నుంచి మొదటి స్తంభానికి పద్నాలుగు అడుగులు, కుడికి తిరిగితే ఇరవై రెండు. అన్నీ పుస్తకంలో రాసుకొచ్చి నాకు చదివి చెప్పేవారు. ఎక్కడైనా తప్పిపోతే భయపడకు, మైకులో ఒకావిడ గొంతు వస్తుంది, ఆ గొంతు వైపు నడు, అక్కడ విచారణ కిటికీ ఉంటుంది, ఆవిణ్ణి అడుగు అనేవారు."

ఆమె జిప్పు మీది చెయ్యి ఆగిపోయింది. పుస్తకంలో చుక్క. కిటికీ ఉన్నచోట చుక్క.

"ఎవరో ఫోన్ చేశారంటండీ, పారిపోయారని చెప్పారంట," అంది పిల్ల. "ఆయనకి మోకాలిచిప్ప పగిలి ఆరేళ్లైంది. మెట్లెక్కడమే కష్టం, ఎలా పారిపోతారు?"

మోకాలు. ఇప్పుడు, ఇన్నాళ్లకు, పెచ్చులూడిన ఆ గోడ మీద ఆ రోజు మళ్లీ నడిచింది. ఇస్త్రీ చొక్కా వెనకనుంచి. కుడి కాలు ముందుకు పడుతోంది, ఎడమ కాలు దాని వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. చూసింది. అప్పుడే చూసింది. చేతులు చూడడానికి అలవాటుపడ్డ కళ్లు కాళ్లను కూడా చూశాయి, చూసి చెప్పలేదు, లేదా చెప్పినా తను వినలేదు. గబగబా వెళ్లిన మనిషి అసలు లేడు. బస్సు కదులుతుందేమోనని కాలీడుస్తూ వెళ్లిన మనిషి ఉన్నాడు. నోరు తెరిచింది, నేనే అందామని. తలుపు తెరుచుకుంది. రండి మేడమ్ అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

గది చిన్నది. ఫైళ్లు నేల మీద కూడా ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ కళ్ల కింద చారలు, గడ్డం ఒక పక్క సరిగ్గా గీసుకోలేదు. కాగితం ఇటు తిప్పి పెన్ను పెట్టాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చదివింది. మూడో వాక్యం దగ్గర, నిన్న ఫోన్లో విన్నా పట్టించుకోని మాట ఒకటి కనిపించింది.

"నేను ప్రశ్నించలేదండీ," అంది.

"ఏంటి మేడమ్?"

"ప్రశ్నించగా అని ఉంది. నేనేమీ అడగలేదు. పిలవను కూడా పిలవలేదు. ఆయన పరిగెత్తలేదు."

అతను పెన్ను తీసి మళ్లీ పెట్టాడు. "పారిపోయాడా అంటే ఆ అన్నారు మీరు. రికార్డింగు ఉంది."

"అన్నాను. తప్పు. ఆయన కాలు ఈడుస్తున్నాడు. చూశాను."

"మోకాలి సంగతి మాకూ తెలుసు. అందుకే పారిపోయాడని రాయలేదు, ప్రయత్నించాడని రాశాం." ఎగతాళి లేదు, నిజంగానే వివరిస్తున్నాడు. "చూడండి మేడమ్, ఇద్దరు ఇంకా బయటున్నారు. రేపేదైనా అయితే, చేతిలో ఉన్నవాణ్ణి ఎందుకు వదిలావని నన్ను అడుగుతారు. మిమ్మల్ని అడగరు."

అదీ నిజమే. అతను చెప్పేది అబద్ధం కాదు, అదే ఆమెను లోపల్లోపల కోస్తోంది. ఆ ఇద్దరి భయం తనకూ ఉంది, ఇప్పుడూ ఉంది, ఈ గదిలోంచి బయటికి వెళ్లి బస్సెక్కితే పక్కవాడి సంచి చూస్తుంది, రేపూ చూస్తుంది. భయం పోదు. కానీ ఆ భయం వేరు, ఈ కాగితం వేరు. ఈ మనిషి లోపలున్నంత మాత్రాన ఆ ఇద్దరూ బయట లేకుండా పోరు. పైగా ఒకడు దొరికాడులే అని అందరూ హాయిగా అన్నం తింటారు. తను తిన్నట్టు. ఆమె బూడిదరంగు సంచి సంగతి చెప్పింది. ఎందుకు ఆ అందో చెప్పాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఇన్‌స్పెక్టర్ మధ్యలో అడ్డు రాలేదు.

"ఆ సంచిని ఆ రోజు నలభై మంది చూశారు మేడమ్," అన్నాడు చివరికి. "నలభై మందీ ఆ కుర్చీలోనే కూర్చుని చెప్పారు. ఇప్పుడు రోజూ ఫోన్ చేసేది కూడా ఎక్కువ వాళ్లే." కాసేపు ఫైళ్ల వైపు చూశాడు. "ఇది మార్చి రాస్తే, తప్పు సమాచారం ఇచ్చారని మీ మీద రాయాల్సొస్తుంది. మీ ఆఫీసుకి కాగితం వెళ్తుంది. ఉద్యోగానికి ఏమవుతుందో నేను చెప్పలేను."

"రాయండి," అంది.

మూడో వాక్యం మీద గీత కొట్టి, పక్కన చోటు చాలక అంచు వెంబడి రాసింది. నేను అతన్ని పిలవలేదు, ఏమీ అడగలేదు. అతను పరిగెత్తలేదు. కుంటుకుంటూ నడిచి వెళ్లి బస్సెక్కాడు. సంతకం పెట్టింది. ఇన్‌స్పెక్టర్ చదువుకుని, ఇక దీంతో అతన్ని లోపల ఉంచడం కష్టమే, కాగితం పైకి పంపిస్తాను, ఈ సాయంత్రమో రేపో తేలుతుంది, ఈలోగా పై ఆఫీసరు అతన్ని ఒకసారి చూడాలంటారు అని గంట కొట్టాడు.

జిరాక్సుకి వెళ్లిన అత్త తిరిగొచ్చి బయట పిల్ల పక్కన కూర్చుంది. ఆమె వాళ్ల ముందు నిలబడింది. కూర్చుంటే చెప్పలేననిపించింది. "ఫోన్ చేసింది నేనేనమ్మా. పారిపోయారా అంటే అవునన్నది కూడా నేనే. ఇప్పుడు లోపల కాదని రాసిచ్చి వచ్చాను."

అత్త లేచింది. "ఇప్పుడు రాశావా? పందొమ్మిది రోజులు ఏం చేశావు? పిల్ల ఉద్యోగంలో చేరే రోజు దాటిపోయింది, తెలుసా నీకు? నోరు లేదా అప్పుడు, మైకు కూడా ఉందిగా." ఇంకా చాలా అంది. ప్రతి మాటా ఆమెకు తగలాల్సిన చోటే తగిలింది. పిల్ల ముఖం ఆమె వైపు లేదు, గోడ వైపు ఉంది. "మీరు మంచిగా మాట్లాడతారనుకున్నానండీ మైకులో వింటే," అంది, అంతే.

అప్పుడే వరండా చివర తలుపు తెరిచి పిల్ల తండ్రిని తీసుకొచ్చారు, అటూ ఇటూ ఇద్దరు కానిస్టేబుళ్లు. గడ్డం పెరిగింది. చొక్కా అదే, ఇస్త్రీ లేదు. పై అంతస్తుకు మెట్లు ఈ బెంచీ పక్కనుంచే. ఎడమ కాలు నేలను రాసుకుంటున్న చప్పుడు వినగానే పిల్ల లేచి నిలబడి, "నాన్నా," అంది. కానిస్టేబుల్ అర నిమిషం ఆగాడు, చూడనట్టు అటు తిరిగాడు. అతను కూతురి తల మీద చెయ్యి వేసి, భోంచేశావా అని అడిగాడు. తర్వాత ఆమెను చూశాడు. ఎవరో పక్కన తోడుగా ఉన్నారనుకున్నాడు కాబోలు, "అమ్మాయి దగ్గర ఉన్నారా, చాలా థాంక్సండీ," అన్నాడు.

అత్త ఏదో అనబోయింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నాన్నా, ఆవిడ బస్ స్టేషన్ ఆవిడ. విచారణలో ఉంటారు కదా."

అతను కొంచెంసేపు చూశాడు. ఆమె తల దించుకోలేదు, దించుకుంటే ఇంకెప్పటికీ ఎత్తలేనేమో అనిపించింది. "అవునవును, మీరే," అన్నాడు అతను. "ఆ రోజు మిమ్మల్నొకటి అడుగుదామని వచ్చాను. లైను ఎక్కువుంది. బస్సు వెళ్లిపోతుందని వచ్చేశాను."

"ఏం అడుగుదామనుకున్నారండీ?" అంది ఆమె.

"అదే, మూడో ప్లాట్‌ఫారం దగ్గర కొత్తగా కూతపెట్టే తలుపు పెట్టారు కదా. అది రోజూ అక్కడే ఉంటుందా, లేకపోతే జరుపుతారా అని. జరిపితే దీని అడుగుల లెక్కంతా మారిపోతుంది."

ఆమెకు తెలియదు. రోజుకు పదిసార్లు దాని పక్కనుంచి నడిచింది, ఎక్కడుంటుందో ఏనాడూ చూడలేదు. "తెలియదండీ," అంది. "రేపే కనుక్కుని చెప్తాను."

"తొందరేం లేదండీ," అన్నాడు అతను. కానిస్టేబుల్ పదమన్నట్టు భుజం తట్టాడు. అతను కమ్మీ పట్టుకుని, మంచి కాలు ముందు పెట్టి, రెండో కాలు దాని పక్కకు చేర్చుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కసాగాడు.